అచ్చుతప్పుకి కోట్లెందుకు? బ్రిటిష్ స్టాంపుల కథ

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది ఒక చిన్న ఎర్ర కాగితం ముక్క గురించి. బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దది, అంతే. దాని మీద విక్టోరియా రాణి బొమ్మ, కింద ‘వన్ పెన్నీ’ అని ధర ఉంటాయి. అచ్చం అలాగే కనిపించే స్టాంపులు కోట్ల సంఖ్యలో అచ్చయ్యాయి. ఇవాళ్టికీ సాధారణమైనవి చాలా చవగ్గా దొరుకుతాయి. కానీ వాటిలో ఒకదాన్ని 2012లో లండన్‌లోని స్టాన్లీ గిబ్బన్స్ అనే స్టాంపుల వ్యాపార సంస్థ 5,50,000 పౌండ్లకి అమ్మింది. మన డబ్బుల్లో నాలుగు కోట్ల పైమాటే.

రెండూ పక్కపక్కన పెడితే మీకూ నాకూ తేడా తెలీదు. తేడా ఎక్కడుందంటే, రాణి బొమ్మకి అటూ ఇటూ ఉన్న నగిషీలో భూతద్దం పెట్టి చూస్తే ఒక చిన్న అంకె కనిపిస్తుంది. అది 77 అయితే కోట్లు. 76 అయినా 78 అయినా మామూలు స్టాంపే.

ఎందుకు? ‘అచ్చుతప్పు కాబట్టి, అరుదు కాబట్టి’ అని వెంటనే అనేస్తారు. నిజమే, కానీ అది సగం జవాబే. ప్రెస్సులో తప్పులు రోజూ జరుగుతాయి. శుభలేఖ అచ్చువేయించిన ఎవర్నడిగినా చెప్తారు. తప్పు జరగడం వింత కాదు. చూసేవాళ్ళ కళ్ళన్నీ దాటుకుని ఆ తప్పు బయటికి రావడం వింత. నేను యూట్యూబ్‌లోకి రాకముందు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కాబట్టి ఇది నాకు బాగా తెలిసిన సంగతి. డెవలపర్ డెస్క్ మీద దొరికిన బగ్‌కి విలువేం ఉండదు. టెస్టింగ్ దాటి, రిలీజ్ దాటి, కస్టమర్ చేతిలో బయటపడ్డ బగ్‌కే కథ ఉంటుంది. స్టాంపుల్లోనూ అంతే. ధర పలికేది తప్పుకి కాదు, తప్పించుకున్నదానికి.

ఇది అర్థం కావాలంటే ముందు ఆ కాపలా ఏంటో తెలియాలి. 1840కి వెళ్దాం.

అంతకుముందు బ్రిటన్‌లో ఉత్తరం వస్తే డబ్బులు చాలావరకు అందుకున్నవాళ్ళే కట్టేవాళ్ళు. దూరాన్ని బట్టి, ఎన్ని కాగితాలున్నాయన్నదాన్ని బట్టి లెక్క. పేదవాళ్ళకి అది పెద్ద భారం. రోలండ్ హిల్ అనే ఆయన 1837లో ఒక ప్రతిపాదన పెట్టాడు: దేశంలో ఎక్కడికైనా సరే, అర ఔన్సు లోపు ఉత్తరానికి ఒక్కటే రేటు, ఒక పెన్నీ. అది కూడా పంపేవాళ్ళే ముందు కట్టాలి. కట్టినట్టు గుర్తుగా ఉత్తరం మీద ఒక చిన్న కాగితం అంటించాలి. అలా 1840 మే నెలలో వచ్చిందే పెన్నీ బ్లాక్, ప్రపంచంలో మొట్టమొదటి తపాలా బిళ్ళ.

ఇక్కడ ఒక మాట. చాలామంది పెన్నీ బ్లాక్ చాలా అరుదైనది అనుకుంటారు. కాదండీ. దాదాపు 6 కోట్ల 80 లక్షలు అచ్చయ్యాయి. మొట్టమొదటిది కాబట్టి అందరికీ కావాలి, అందుకే ఖరీదు.

అప్పుడు ప్రభుత్వానికి పట్టుకున్న భయం ఒక్కటే, దొంగ స్టాంపులు. స్టాంపు అంటే ఒకరకంగా డబ్బే కదా. ఎవడో ఇంట్లో కూర్చుని అచ్చేసుకుంటే ఎలా? అందుకని అడుగడుగునా కాపలా పెట్టారు. రాణి ముఖమే ఎందుకు పెట్టారంటే, ముఖంలో చిన్న తేడా వచ్చినా మన కన్ను ఇట్టే పట్టేస్తుంది. వెనకాల అల్లిక లాంటి గీతలు యంత్రంతో చెక్కించారు, చేత్తో అనుకరించడం కష్టం. కాగితంలో కిరీటం ఆకారంలో వాటర్‌మార్క్ పెట్టారు. వీటన్నిటితో పాటు నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. అదే కింది మూలల్లోని అక్షరాలు.

ఒక్కో షీటులో 240 స్టాంపులు. 20 వరసలు, వరసకి 12. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 240 పెన్నీలు ఒక పౌండు. అంటే వరస కొంటే షిల్లింగు, షీటు కొంటే పౌండు. లెక్క సులువు. ప్రతి స్టాంపుకీ కింది రెండు మూలల్లో రెండు అక్షరాలు. ఎడమ అక్షరం ఎన్నో వరసో చెప్తుంది, కుడి అక్షరం ఆ వరసలో ఎన్నోదో చెప్తుంది. మొదటి స్టాంపు ఏ-ఏ, దాని పక్కది ఏ-బి. అలా చివరిది టి-ఎల్. ఎక్సెల్ షీటులో గడి పేరు లాంటిదనుకోండి. ఒక షీటులో ఏ రెండు స్టాంపులూ ఒకేలా ఉండవు. దొంగ ఒకే స్టాంపుని నకలు చేసి వందలు అచ్చేస్తే, అన్నిటి మీదా అవే రెండు అక్షరాలు కనిపించి దొరికిపోతాడని ఆలోచన.

ఇప్పుడు ప్లేటు ఎలా తయారయ్యేదో చూడండి. పెర్కిన్స్, బేకన్ అండ్ పెచ్ అనే సంస్థ ఈ పని చేసింది. ముందు మెత్తటి ఉక్కు ముక్క మీద రాణి బొమ్మని చెక్కుతారు. దాన్ని కాల్చి గట్టిపరుస్తారు. దాని మీద ఒక ఉక్కు రోలరుని నొక్కి దొర్లిస్తే బొమ్మ రోలరు మీదికి ఎక్కుతుంది. ఆ రోలరుని కూడా గట్టిపరిచి, పెద్ద ప్లేటు మీద 240 సార్లు దొర్లిస్తారు. ఇంతవరకూ అన్ని స్టాంపులూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. కానీ మూలల్లోని అక్షరాలు? అవి రోలరుతో రావు. ఒక పనివాడు కూర్చుని, చిన్న ఉక్కు పంచ్ పెట్టి, సుత్తితో ఒక్కో అక్షరం కొట్టాలి. స్టాంపుకి రెండు, ప్లేటుకి 480 దెబ్బలు.

మనిషి చెయ్యి పడ్డచోట ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఒక అక్షరం వంకరగా పడింది. ఒకటి రెండుసార్లు పడి నీడలా వచ్చింది. తొలి పెన్నీ స్టాంపుల్లో ఇలాంటివి చాలానే దొరుకుతాయి, వాటికోసమే వెతికే కలెక్టర్లున్నారు. వాటిలో ప్రసిద్ధమైనది పెన్నీ రెడ్ తొలి వరసలోని 77వ ప్లేటు మీద ఉంది. కోట్లు పలికిన 77 ఇది కాదు, అది తర్వాతి వరసలోది, దాని దగ్గరికి వస్తాను. ఈ పాత 77లో రెండో వరస మొదటి స్టాంపుకి బి-ఏ అని ఉండాలి. ఎడమన బి ఉంది. కుడివైపు గడి ఖాళీ! ఆ ఒక్క దెబ్బ కొట్టడం మర్చిపోయాడు. 480లో ఒకటి. పేరు తెలియని ఆ పనివాడు ఆ క్షణంలో పక్కవాడితో మాట్లాడుతున్నాడో, భోజనానికి లేచాడో! అతని జీవితం గురించి మనకేం తెలీదు కానీ, ఆ ఒక్క క్షణం మాత్రం ఉక్కు మీద ఉండిపోయింది.

నల్ల స్టాంపు ఎర్రగా ఎందుకు మారిందో కూడా చెప్పాలి. నల్ల స్టాంపు మీద పోస్టాఫీసు వాళ్ళు ఎర్ర సిరాతో ముద్ర కొట్టేవాళ్ళు. జనం ఆ ఎర్ర సిరాని చెరిపేసి స్టాంపుని మళ్ళీ వాడేసుకోవచ్చని తేలింది. దాంతో 1841లో స్టాంపుని ఎర్రగా, ముద్రని నల్లగా మార్చారు. తర్వాతి కాలంలో అక్షరాలు నాలుగు మూలల్లోకీ వచ్చాయి, ఏ ప్లేటు నుంచి వచ్చిందో తెలిసేలా అంకె కూడా డిజైన్‌లోనే చేరింది. అలా అంకె ఉన్న పెన్నీ రెడ్లు 1864 నుంచి కనిపిస్తాయి. 71 నుంచి 225 దాకా ప్లేట్లు, మధ్యలో కొన్ని లేవు. ఆ లేనివాటిలో ఒకటి 77.

లేదు అంటే, తయారైంది కానీ పనికిరాదని పక్కన పెట్టేశారు. 1854 నుంచి స్టాంపుల మధ్య చిల్లులు పెట్టడం మొదలైంది కదా, చింపుకోడానికి వీలుగా. 77వ ప్లేటులో బొమ్మలు సరైన వరసలో కూర్చోలేదు. చిల్లులు కొడితే బొమ్మల మీదికి పోతున్నాయి. తనిఖీ చేసినవాళ్ళు చూశారు, వద్దన్నారు. వాళ్ళ పని వాళ్ళు సరిగ్గానే చేశారు. అయినా ఏదో దారిన కొన్ని స్టాంపులు బయటికి పోయాయి. జనం మామూలుగా కొనుక్కున్నారు, ఉత్తరాలకి అంటించుకున్నారు. ఇవాళ ప్రపంచం మొత్తమ్మీద ఆ 77లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. వాటిలో ఒకటి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ దగ్గరుంది.

ఇక్కడ తమాషా చూడండి. తనిఖీ సరిగ్గా జరగకపోయి ఉంటే 77వ ప్లేటు నుంచి లక్షలాది స్టాంపులు వచ్చేవి, ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. తనిఖీ నూటికి నూరుపాళ్ళు గట్టిగా ఉంటే ఒక్కటీ వచ్చేది కాదు. దాదాపు సరిగ్గా పనిచేసింది కాబట్టే ఈ కోట్లు.

మరి కాపలా ఉండి కూడా ఎవరూ చూడకపోతే ఏమవుతుంది? దానికీ ఒక కథ ఉంది. ఇది అచ్చుతప్పు కాదు, అచ్చంగా దొంగతనం. కానీ దొంగని బయటపెట్టింది మాత్రం అక్షరాల్లో తప్పే.

1870లో బ్రిటన్‌లో టెలిగ్రాఫ్ వ్యవస్థ పోస్టాఫీసు చేతికి వచ్చింది. టెలిగ్రాం ఇవ్వాలంటే కౌంటర్లో ఫారం రాసి డబ్బులివ్వాలి. ఆ ఫారం మీద గుమాస్తా స్టాంపు అంటించి ముద్ర కొడతాడు. ఫారం ఆఫీసులోనే ఉండిపోతుంది. కట్టినవాడు స్టాంపుని మళ్ళీ చూడడు. 1872లో లండన్ స్టాక్ ఎక్స్‌చేంజ్‌లోని పోస్టాఫీసులో ఎవరో ఈ కిటుకు కనిపెట్టారు. ఆకుపచ్చ రంగు ఒక షిల్లింగు స్టాంపుకి నకళ్ళు చేయించి, ఫారాల మీద అవి అంటించి, కస్టమర్లు ఇచ్చిన అసలు డబ్బు జేబులో వేసుకున్నారు. సంవత్సరం పైగా సాగింది. ఎవరికీ అనుమానం రాలేదు.

26 ఏళ్ళు గడిచాయి. 1898లో చార్లెస్ నిసెన్ అనే స్టాంపుల వ్యాపారి, పాత టెలిగ్రాం ఫారాల నుంచి వచ్చిన స్టాంపుల్ని పరిశీలిస్తున్నాడు. కొన్నిటికి వాటర్‌మార్క్ లేదు. సరే, ఇంకాస్త చూశాడు. కొన్నిటి మీద ఉన్న అక్షరాల జంటలు అసలు షీటులో ఉండడానికే వీల్లేదు! వరసలు ఏ నుంచి టి వరకే, గడులు ఏ నుంచి ఎల్ వరకే కదా. దొంగకి ఆ పద్ధతి తెలీదు. ఏవో అక్షరాలుండాలి కదా అని తోచినవి పెట్టేశాడు. అంటే 1840లో ఏ దొంగ కోసమైతే ఆ ఏర్పాటు చేశారో, సరిగ్గా ఆ దొంగే అందులో పడ్డాడు. కానీ పాతికేళ్ళు ఆలస్యంగా, అదీ పోస్టాఫీసు వాళ్ళ కంట కాదు, ఒక స్టాంపుల వ్యాపారి కంట. ఎవరికీ శిక్ష పడలేదు. అక్షరాలు తమ పని తాము చేశాయి. చదివేవాళ్ళే లేరు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం, ఎందుకంటే విక్టోరియా రాణి బొమ్మతో వచ్చిన అచ్చుతప్పుల్లో చాలా పేరున్నది ఒకటి మన గడ్డ మీద అచ్చయింది. 1854. అప్పటికి ఇంకా ఈస్టిండియా కంపెనీ పాలనే. కంపెనీ పాలించే ప్రాంతాలన్నిటికీ స్టాంపులు తెచ్చారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి కాబట్టి అక్కడా ఇవే. లండన్ నుంచి తెప్పించకుండా కలకత్తాలో సర్వేయర్ జనరల్ ఆఫీసులో అచ్చువేశారు. పటాలు అచ్చువేసే చోటు అనమాట. కెప్టెన్ థులియర్ అనే అధికారి దగ్గరుండి చేయించాడు. పద్ధతి లితోగ్రఫీ, రాతి మీద నుంచి అచ్చు.

వీటిలో నాలుగణాల స్టాంపుకి రెండు రంగులు. ఎర్ర చట్రం, మధ్యలో నీలం రంగులో రాణి తల. రెండు రంగులంటే కాగితం ప్రెస్సులోకి రెండుసార్లు వెళ్ళాలి. రెండు అచ్చుల్లో ఒకటి తలకిందులుగా పడితే? అదే జరిగింది. చట్రంలో అక్షరాలు సరిగ్గా ఉన్నాయి, రాణి మాత్రం శీర్షాసనం వేసింది.

ఇవాళ ఇవి ప్రపంచంలో కొన్ని పదులే ఉన్నాయి. నన్ను ఆలోచింపజేసేది ఏంటంటే, దొరికినవన్నీ వాడేసినవే. అంటే పోస్టాఫీసు గుమాస్తా అమ్మాడు, ఎవరో కొని అంటించారు, ఇంకో గుమాస్తా దాని మీదే ముద్ర కొట్టాడు, ఉత్తరం చేరింది. ఇన్ని చేతులు మారినా రాణి తలకిందులుగా ఉందని ఎవరూ ఆపలేదు. ఇంకో సంగతి, అప్పట్లో చట్రం ఆకారాన్ని బట్టి స్టాంపుని ఎనిమిది మూలలుగా కత్తిరించి అంటించే అలవాటుండేది. అందుకే బతికి బయటపడ్డ చాలా తలకిందుల స్టాంపులకి చుట్టూ అంచే లేదు.

ఇక ఇరవయ్యో శతాబ్దం. 1960ల్లో బ్రిటన్ రంగురంగుల స్టాంపులు ఎక్కువగా వేయడం మొదలుపెట్టింది. ఒక్కో రంగుకి ఒక్కో సిలిండరు. ఏదైనా ఒక సిలిండరు సిరా సరిగ్గా పడకపోతే ఆ రంగు మొత్తం మాయం. రంగుతో పాటు ఆ రంగులో ఉన్న బొమ్మ కూడా మాయం.

1965 అక్టోబరులో లండన్ పోస్టాఫీసు టవర్ గొప్పదనం చాటుతూ ఒక స్టాంపు వేశారు. మూడు పెన్నీలది. కొన్నిటిలో టవర్ రంగు పడలేదు. టవర్ స్టాంపులో టవర్ లేదు! 1966లో బ్రిటిష్ కార్ల స్టాంపు వచ్చింది, జాగ్వార్‌తో పాటు మినీ కార్లతో. కొన్నిటిలో ఎరుపు పడలేదు, మినీలు లేవు.

వీటన్నిటికంటే నాకు నచ్చింది 1968ది. దాని రుచి తెలియాలంటే ఒక విషయం తెలియాలి. బ్రిటన్ స్టాంపుల మీద దేశం పేరు ఉండదు. మిగతా దేశాలన్నీ పేరు వేయాలి, స్టాంపుని మొదట తెచ్చింది తామే కాబట్టి వాళ్ళకి మినహాయింపు. పేరు బదులు రాజుగారి తలో రాణిగారి తలో ఉంటే చాలు. 1964లో పోస్ట్‌మాస్టర్ జనరల్ అయిన టోనీ బెన్ అనే మంత్రికి, డేవిడ్ జెంటిల్‌మన్ అనే డిజైనర్‌కి ఈ తల అడ్డమనిపించింది. తల లేకుండా నమూనాలు కూడా తయారుచేసి రాణిగారికి చూపించారు. కుదరలేదు. చివరికి మూలలో చిన్న నీడ బొమ్మగా ఉంచడానికి రాజీపడ్డారు.

మంత్రి వల్ల కానిది యంత్రం చేసింది. 1968లో ప్రసిద్ధ చిత్రాల స్టాంపులు వచ్చాయి. నాలుగు పెన్నీల స్టాంపు మీద పదహారో శతాబ్దపు మొదటి ఎలిజబెత్ రాణి చిత్రం. మూలలో బంగారు రంగులో రెండో ఎలిజబెత్ తల, పక్కన ధర. కొన్నిటిలో బంగారు రంగు పడలేదు. పాత ఎలిజబెత్ దర్జాగా ఉంది, సింహాసనం మీదున్న ఎలిజబెత్ లేదు! ధర లేదు, దేశం లేదు. చట్టప్రకారం అదొక బొమ్మ కాగితం. అయినా పోస్టాఫీసు కౌంటర్లో అమ్మిన కాగితం.

సరే, ఇప్పుడు అసలు విషయానికొస్తున్నా. పాత నాణేల మీద, స్టాంపుల మీద మాట్లాడిన ప్రతిసారీ మెసేజీలు వస్తాయి. ‘అన్నా, మా తాతయ్య ఆల్బమ్‌లో ఎర్ర రాణి స్టాంపుంది, ఎంతొస్తుంది?’ ‘ఒకాయన ఇరవై లక్షలిస్తానంటున్నాడు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటున్నాడు, కట్టొచ్చా?’ ఈ రెండోది చదివితే నాకు గుండె జారుతుంది. కట్టొద్దు. నిజంగా కొనేవాడు మీకు డబ్బులిస్తాడు, మీ దగ్గర తీసుకోడు. పాత నోట్లు, నాణేల పేరుతో ఇలా ఫీజులు వసూలు చేసేవాళ్ళ గురించి 2021లో రిజర్వ్ బ్యాంకే ప్రజల్ని హెచ్చరించింది. స్టాంపుల దగ్గరా అదే ఆట.

రెండో మోసం ఇంకా తెలివైనది. తప్పుని తయారుచేయడం. 177 అంకె ఉన్న పెన్నీ రెడ్ తీసుకుని, ముందున్న ఒకటిని గీకేస్తే 77. బంగారు రంగు తలని రసాయనాలతో తుడిచేస్తే ‘రాణి తల లేని స్టాంపు’. కొన్నిసార్లు మోసం కూడా అక్కర్లేదు, ఎండకి రంగు వెలిసిపోతే చాలు. అందుకే నిపుణుల దగ్గర నియమం చాలా కఠినం. రంగు లేదంటే పూర్తిగా ఉండకూడదు. భూతద్దం కింద ఒక్క చుక్క కనిపించినా అది ‘రంగు మాయమైన స్టాంపు’ కాదు, సిరా తక్కువ పడ్డ స్టాంపు. ధర ఎక్కడికో పడిపోతుంది. లండన్‌లోని రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ లాంటి చోట్ల నిపుణుల కమిటీలు చూసి సర్టిఫికెట్ ఇస్తేనే పెద్ద వేలంపాటల్లో నమ్ముతారు.

కాబట్టి ఇంట్లో పాత ఆల్బమ్ ఉంటే నాలుగు పనులు చేయకండి. స్టాంపుల్ని కడగొద్దు. కవరు మీద ఉన్నదాన్ని ఊడదీయొద్దు, కవరుతోనే విలువ ఎక్కువ కావచ్చు. అంచులు కత్తిరించొద్దు. ఎవరికీ ముందు డబ్బు కట్టొద్దు. చేయాల్సింది ఒక్కటే. మంచి వెలుతురులో కూర్చుని, భూతద్దం పెట్టి, నిదానంగా చూడండి. పక్కన ఏ అంకె ఉంది? మూలల్లో ఏ అక్షరాలున్నాయి? ఆ షీటులో ఆ జంట ఉండే వీలుందా?

నూటికి తొంభైతొమ్మిది సార్లు మీకు దొరికేది మామూలు స్టాంపే. కానీ బి-సి అని కనిపిస్తే, అది రెండో వరసలో మూడోదని మీకిప్పుడు తెలుసు. ఆ రెండు అక్షరాలున్న దిమ్మ ముందు సుత్తి పట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడని కూడా తెలుసు. మీ దగ్గరున్న ఆల్బమ్‌లో ఏ అక్షరాలు దొరికాయో కింద కామెంట్లలో రాయండి, ఏ వరసలో ఎన్నోదో మీరే లెక్కగట్టి మరీ రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.